నెట్టు డబ్బా ఫోనైన వేసవి

నా భర్త సరుకు ఓడ మీద పనిచేస్తాడు. పెళ్లయిన కొత్తలో సింగపూరు రేవు నుంచి నాకోసం అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం ఒకటి తెచ్చాడు. చూడటానికి ఫోనులాగే ఉంటుంది గాని ఫోను కాదు. సిమ్ వేస్తే ఇంటర్నెట్ వస్తుంది, అందులో ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. మామూలు కాల్ మాత్రం రాదు, పోదు. మా అత్త దాన్ని నెట్టు డబ్బా అనేది. ఓడ ఏ రేవు తాకినా ఆయన అందులో కనిపించేవాడు. అత్త తెరకి ముక్కు ఆనించి, "ఒరే, కూడు తిన్నావేట్రా?" అని అడిగేది. మిగతా మాటలన్నీ ఆ తరవాతే.

బర్మాలో, బోటాటౌంగ్ అనే పేటలో రేవుకి దగ్గరగా ఒక పాత మేడ మీద ఉండేవాళ్లం. మామగారి తండ్రి విశాఖ వైపు నుంచి వచ్చి ఆ రేవులోనే మూటలు మోశాడట. మామగారు పోయాక ఇంట్లో మిగిలింది అత్తా నేనూ. నేను దగ్గర్లోని ఒక ఫోన్ల రిపేరు షాపులో పనిచేసేదాన్ని. విరిగిన అద్దాలు మార్చడం ఇంకొకరి పని, పాడైన సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం నా పని.

ఆ ఏడాది సైన్యం అధికారం తీసుకుంది. రోజూ సాయంత్రం నిరసనగా వీధి వీధంతా గిన్నెలు మోగేవి. అత్త కూడా బాల్కనీలో నిలబడి సత్తు గిన్నె మీద గరిటెతో కొట్టేది. రేవు కూలీలు పని మానేశారు. అంతకుముందు నది మీద ఓడ కూత వినిపిస్తే, అది ఆయన ఓడ కాదని తెలిసినా ఇద్దరం తలెత్తేవాళ్లం. ఆ కూతలు కూడా ఆగిపోయాయి.

ఒకరోజు బజారుకి వెళ్తుంటే దారి కాసే సైనికులు నా ఫోను అడిగారు. లోపల ఏముందో వేలితో పైకీ కిందికీ తోసి చూసి, జేబులో వేసుకుని, వెళ్లమన్నారు. నేను వచ్చేశాను. సిమ్ కూడా అందులోనే పోయింది. కొద్ది రోజులకే మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. నెట్టు డబ్బా తెర వెలుగుతుంది, లోపలికి ఏదీ రాదు. కాల్స్ మాత్రం పోతున్నాయని అందరూ బొత్తాల ఫోన్ల కోసం ఎగబడ్డారు. అవీ అయిపోయాయి. మా షాపు యజమాని తలుపు వేసి సొంతూరు వెళ్లిపోయాడు.

"ఆడు ఫోన్ సేత్తే ఎవుళెత్తుతారే?" అంది అత్త.

"పక్కింటివాళ్ల నెంబరు ఇద్దామా అత్తా?"

"ఓడ ఎప్పుడు ఒడ్డుకొత్తాదో నీకు తెల్సా? పొద్దస్తమానం ఆళ్ల గుమ్మంలో కూకుంతామేటి? విదేశం నించి ఫోనంటే ఆళ్లకీ బయమే."

అప్పుడు నెట్టు డబ్బా చేతిలోకి తీసుకుని ఆలోచించాను. అందులో సిమ్ ఉంది. సిమ్ అన్నాక దానికో నెంబరు ఉంటుంది. ఫోన్లో టవరుతో మాట్లాడే చిప్పు లాంటిదే ఇందులోనూ ఉంటుంది. చేసినవాళ్లు కాల్స్‌కి మాత్రం దారి మూసేస్తారు. సాఫ్ట్‌వేర్ మారిస్తే ఆ దారి తెరుచుకోవచ్చు. షాపులో ఇలాంటిది ఒకసారి చేశాం, కాని ఆ ఫైలు నా దగ్గర లేదు.

వైరు ఇంటర్నెట్ మాత్రం ఇంకా వస్తోంది. రెండు వీధుల అవతల, నాతో షాపులో పనిచేసిన బర్మా అమ్మాయి ఇంట్లో అది ఉందని గుర్తొచ్చింది. పాత ల్యాప్‌టాప్‌ని కూరల సంచిలో పెట్టి, పైన తోటకూర కట్టలు పరిచి పట్టుకెళ్లాను. ఆ అమ్మాయి టీ ఇచ్చి తలుపు గడియ వేసింది. ఫైలు దిగుతున్నంతసేపూ వీధి వైపు చెవి పెట్టి కూర్చున్నాను. పనిలో పనిగా ఆయనకి ఒక సందేశం పెట్టాను. "నా ఫోను పోయింది. డబ్బాలో సిమ్ నెంబరుకి మామూలు కాల్ చెయ్యి." అది చేరినట్టు టిక్కు పడలేదు. ఓడ నడిసముద్రంలో ఉంది.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌కి డబ్బా తగిలించి సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. మొదటిసారి తెర నల్లగా ఉండిపోయింది. అత్త నా మొహం చూసి దేవుడి గూటి దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ ఎక్కిస్తే తెర వెలిగి, ఒక మూల అంకెలు నొక్కే గుర్తు కనిపించింది. చెవికి ఆనించుకునే స్పీకరు దానికి లేదు కనుక మైకున్న ఇయర్‌ఫోన్లు పెట్టాను. కింది అంతస్తులో ఉండే బర్మా పెద్దావిడని తన ఫోను నుంచి చేయమన్నాను. డబ్బా మోగింది. ఆవిడ మాట నాకు వినిపించింది, నా మాట ఆవిడకి వినపడలేదు. మైకు సెట్టింగులు ఒక్కొక్కటే మారుస్తూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. చివరికి ఆవిడ, "వినబడుతోంది అమ్మాయ్, అరవకు" అంది.

మర్నాడు ఆవిడే తన ఇంట్లోని అలాంటి యంత్రం పట్టుకొచ్చింది. ఆవిడ కొడుకు సైనికులకి దొరక్కుండా ట్వంటే వైపు పల్లెల్లోకి వెళ్లిపోబోతున్నాడు. తనకున్న ఒక్క ఫోను కొడుకు చేతికిచ్చి పంపాలని ఆవిడ ఆలోచన. దానికీ దారి తెరిచాను. వారం తిరక్కుండా ఆ కొడుకు ఫోను చేశాడు, ఎవరో కుండలు చేసేవాళ్ల ఇంట్లో ఉన్నాడట. ఆవిడ మెట్లెక్కి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

మా డబ్బా మాత్రం మోగలేదు. బర్మా అమ్మాయి కుటుంబం ఊరు వదిలి వెళ్లిపోయింది. సందేశం చేరిందో లేదో చూసుకునే వీలూ లేదు. అన్నం వండుతూ, బట్టలు ఆరేస్తూ ఎదురుచూశాను. సెలవుల్లో ఆయన ఇంట్లో ఉంటే ఇంటి గాలే వేరుగా ఉండేది. గెడ్డం గీసుకుంటూ ఏదో కూనిరాగం తీసేవాడు, నిద్రలో కూడా ఓడ పనుల గురించి కలవరించేవాడు. అప్పట్లో విసుక్కున్న ఆ కలవరింత కూడా వింటే బాగుండుననిపించేది.

బియ్యం ఏరుతున్న ఒక ఉదయం డబ్బా మోగింది. ఇయర్‌ఫోన్లలో ఒకటి అత్త చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకుని తల తలా ఆనించి కూర్చున్నాం.

"అమ్మా," అన్నాడు ఆయన.

"కూడు తిన్నావేట్రా?" అంది అత్త.

కాంట్రాక్టు అయిపోవచ్చిందని, దిగిపోయి ఎలాగో వచ్చేస్తానని అన్నాడు. విమానాలు దొరకడం కష్టమని, వస్తే మళ్లీ ఓడ ఎక్కనిస్తారో లేదోనని కూడా అన్నాడు. రమ్మనాలని నాకు గొంతు దాకా వచ్చింది. నేను నోరు తెరిచేలోపు అత్త అంది.

"రాకురా నాయినా. ఈది మొగదల తుపాకులట్టుకు నిలబడ్డారు. నువ్వక్కడుంతే నానిక్కడ నిద్దరోతాను."

"నువ్వేమంటావే?" అని ఆయన నన్నడిగాడు.

"అత్త చెప్పినట్టే చెయ్యి," అన్నాను. ఆ మాట అన్నాక నా ఏడుపు ఆయనకి వినబడకుండా మైకుని గుప్పెట్లో మూసుకున్నాను.

వానాకాలంలో ఊరంతా జ్వరాలు వచ్చాయి. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం బారులు తీరారు. అత్తకీ ఊపిరి అందలేదు. ఆయన ఓడ అప్పుడు ఏదో రేవు బయట లంగరేసి ఉంది. ఆయన ఫోను చేస్తే అత్త చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాను. ఆవిడ జవాబు చెప్పే స్థితిలో లేదు. అయినా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ పూట వంటవాడు ఏమి వండాడో, తను ఎంత తిన్నాడో చెప్తున్నాడు. అత్త కనురెప్పలు కదిలాయి. మర్నాడు పోయింది. తలకొరివి పక్క వీధి తెలుగువాళ్లే పెట్టారు.

ఆయన రావడానికి ఇంకో వేసవి పట్టింది. విమానాశ్రయంలో చూసేసరికి చిక్కిపోయి, చెవుల దగ్గర నెరిసి ఉన్నాడు. దారిలో నా పక్కన కూర్చుని కిటికీలోంచి మూసి ఉన్న దుకాణాలు చూస్తూ, "మన మలుపు ఇదేనేటి?" అని అడిగాడు. అప్పటికే మలుపు దాటిపోయాం. కారు వెనక్కి తిప్పమని డ్రైవరుకి చెప్పాను.