చచ్చి బతికిన సాక్ష్యం

విమానాల నుండి తిరిగివచ్చే ఎంగిలి పళ్లేలను గీకి కడగడం కౌసల్యమ్మ పని. విమానాశ్రయం పక్కనున్న వంటశాలలో పదకొండేళ్లుగా అదే చేస్తోంది. పులిసిన పెరుగు, నానిన రొట్టె, కూరలో ముంచి వదిలిన కాగితపు రుమాళ్లు, ఏవీ ఆమెకు రోత పుట్టించలేదు. ఆ చెత్త మధ్యనే నిలబడి ఆమె ప్రభువుతో మాట్లాడుకునేది. "చూడు ప్రభువా, ముద్దనన్న ముట్టలే," అని తోడబుట్టినవాడికి చెప్పుకున్నట్టు చెప్పుకునేది.

మూడు వారాలుగా ఆ మాట పెగలడం లేదు.

"ఏందక్కా, మీ దేవునితోని కొట్లాడినవా?" అంది పక్కన కడిగే శోభ.

"ఆయనకు మొకం సూపెట్టలేక పోతున్న."

కారణం ఆమె నోరే. వానాకాలంలో జ్వరం వస్తే ప్రార్థించింది, గోలీలు మింగింది, ఐదో రోజున లేచింది. ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యంగా అంతే చెప్పింది. రవీందర్ పాస్టరు పెదవి విరిచాడు. "గింతేనా అమ్మా? డాక్టర్లు చేతులెత్తేసిండ్రను. వినేటోళ్లకు విశ్వాసం పెరుగుతది." మరుసటి వారం ఆమె అలాగే అంది. మూడు వారాల క్రితం షాద్‌నగర్ ప్రార్థన కూటంలో తన ఊపిరే ఆగిందని, దేహం మీద గుడ్డ కప్పారని చెప్పింది. జనం స్తోత్రమని కేకలు వేశారు. ఆ కేకలు అప్పుడు తియ్యగా తోచాయి. ఇప్పుడు అవి గుర్తుకొస్తే చెవులు మూసుకుంటోంది. ప్రభువు చేయని మేలుకు ఆయనను పొగిడి, చేసిన మేలును చిన్నబుచ్చింది.

ఈ ఆదివారం శంషాబాద్‌లో పెద్ద కూటం. షామియానా వెనుక పాస్టరు ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అమ్మా, గుడ్డ కప్పిన కాడ జర ఆగు. కండ్లల్ల నీళ్లు తెచ్చుకో."

కౌసల్యమ్మ తల ఊపబోయి ఆగింది. ఆయన మీద కాదు, ఆ మాటకు తలూపబోయిన తన మెడ మీదే ఆమెకు జుగుప్స కలిగింది.

"నేను చావలే," అంది వేదిక ఎక్కి, మైకులో. "ఉత్త జరమొచ్చింది. గోలీలేసుకున్న. మీకు అబద్ధం జెప్పిన. ఆ ఐదు రోజులు ఆయన నా పక్కన్నే ఉండె, గది నిజం."

స్తోత్రమని ఎవరూ అనలేదు. ముందు వరుసలోంచి రుక్కమ్మ లేచింది. ఆమె బిడ్డకు మూర్ఛరోగం.

"మరి షాద్‌నగర్ల నువ్వు జెప్పింది నమ్మి పొద్దుగాల్నుంచి నా బిడ్డకు గోలీలు బందు పెడ్తినే!"

కౌసల్యమ్మ మైకు వదిలి దిగివచ్చి రుక్కమ్మ చెయ్యి పట్టుకుంది. "నడువక్కా, ఇప్పుడే మీ ఇంటికి పోయి గోలీలేద్దాం."

ఆటోలో రుక్కమ్మ ఆమె ముఖం చూడలేదు. ఉతికి ఆరవేసిన చీర కట్టుకొచ్చినా, తన నోట ఎంగిలి పళ్లేల కంపు కొడుతున్నట్టు కౌసల్యమ్మకు అనిపించింది. తల వంచుకుని, మూడు వారాల తర్వాత, పెదవులు కదిపింది.

"ప్రభువా, నా నోరు జూసి అసహ్యపడు. పిల్లను మాత్రం చూడు."