రెండో బురఖా బంగారం

పోయినవి ముందే చెబుతాను. కార్డుల మీద పూలు ఉబ్బెత్తుగా తేలడానికి చల్లే బంగారు పొడి, ఒక చెంచా. వేడికి మాడిన అట్టలు మూడు. సాయంత్రం మా తలుపు మీద పడే రెండు చిన్న దెబ్బలు. మొదటి రెండింటికీ లెక్క ఉంది. మూడోదానికి లేదు.

సౌదీలోని అల్ ఖోబర్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో కడప నుంచి వచ్చినామె ఉంటుంది. భర్త డ్రైవరు. ఈ బిల్డింగులో నాతో తెలుగు మాట్లాడేది ఆమె ఒక్కతే. ఇక్కడి స్కూల్లో టీచర్లకు వీడ్కోలు కార్డులు కావాలంటే ఇద్దరం కలిసి ఒప్పుకున్నాం. ముద్రల్లో మల్లెపువ్వుది ఆమెది, మిగతావి నావి. నేను జిగురు సిరాతో పూలు అద్దేదాన్ని. తడి ఆరకముందే ఆమె పొడి చల్లి, కార్డును తట్టి, అతుక్కోని పొడిని మడత కాగితం మీదుగా మళ్ళీ సీసాలో పోసేది. మా ఆయన ఏసీ పనికి వాడే హీట్ గన్‌తో వేడి చూపిస్తే పొడి కరిగి రేకులు మెరుస్తూ లేచేవి.

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. అయినా బియ్యం డబ్బా ఊపి ఎన్నాళ్ళొస్తాయో చెప్పగలను. కార్డులు సగం కాకముందే సీసా సగానికి పైగా ఖాళీ అయింది. తట్టిన పొడి సీసాలోకే పోతుంటే సీసా అంత ఎందుకు తగ్గాలి? నా అంచనాకు ఒక చెంచా తక్కువ. పోసే చెయ్యి నాది కాదు.

అప్పటినుంచి చూడటం మొదలుపెట్టాను. ఆమె ఎవరికో ఫోన్లో కార్డుల ఫొటోలు పంపేది. వేరే బేరం పెట్టుకుందేమో. ఒకరోజు టీ తానే పెడతానని వంటింట్లోకి వెళ్తే, సీసా కోసం నా కళ్ళు వెతికాయి. అది బల్ల మీదే ఉంది. ఆమె వెళ్ళాక సీసాకు పెన్నుతో గీత పెట్టాను.

మర్నాడే పట్టేసింది.

"ఏందక్కా, సీసాకు గీత గీసినావు? పాలోని లెక్కకు గోడ మీద గీసినట్టు!"

"ఊకెనే. ఎంతైతదో సూద్దామని."

"సూడు సూడు. రాత్రిళ్ళు అన్నంలో కలుపుకొని తింటాండాను."

నేను నవ్వలేదు. ఆమె చేతినే చూస్తున్నాను. మా ఆయన ఎప్పుడైనా రావచ్చని ఆమె మా ఇంట్లో బురఖా తీసేది కాదు. ఆ నల్లటి చేతుల మడతల్లో బంగారం తళుక్కుమంది.

"గదేంది, నీ చేతి మీద?"

ఆమె చూసుకుంది. దులిపింది, రాలలేదు. జారుడు గుడ్డ, రోజంతా ఏసీ నడిచి తడి లేని గది. పొడి దానికి పట్టుకుని వదలడం లేదు. ఆమె రంగుల కుంచె తీసుకుని, మడత కాగితం మీదకు బురఖా చేతులు రెండూ ఓపిగ్గా ఊడ్చింది.

"కొలుచుకో అక్కా."

మర్యాదకైనా వద్దనాలి. నేను చెంచా తెచ్చాను. అర చెంచా తేలింది.

"ఇంకో అర?" అన్నాను.

ఆమె హీట్ గన్ ప్లగ్గు తీసేసింది. మల్లె ముద్ర సంచిలో వేసుకుంది.

"ఇంట్లో ఇంకో బురఖా ఉండాదిలే అక్కా. అదీ దులిపి పంపిస్తా."

మిగిలిన కార్డులు ఒక్కదాన్నే చేశాను. అట్టలు మాడింది అప్పుడే.

కొన్నాళ్ళకు తలుపు కింద నుంచి ఒక కార్డు లోపలికి జారింది. ఆమె ఎప్పుడూ కొట్టే రెండు దెబ్బలు పడలేదు. అట్ట నిండా మల్లెపూలే, సందు లేకుండా బంగారం. స్టవ్ మీద వేడి చూపినట్టుంది, ఒక అంచు కమిలింది. లోపల ఒక్క అక్షరం లేదు. కిటికీ దగ్గర అటూ ఇటూ వాల్చి చూశాను. నా అంచనాకు అర చెంచా పట్టి ఉంటుంది.

నిజంగా బురఖా దులిపిందా, దుకాణంలో కొని చల్లిందా? దులిపినదైతే ఆమె బాకీ తీరింది. కొన్నదైతే నేనే బాకీ. కరిగిన పొడి తాను ఏ సీసాదో చెప్పదు. ఎదురు తలుపు కొట్టి అడగొచ్చు. కానీ అడిగాక ఆమె చెప్పింది నమ్మాలి కదా.

లెక్కలో ఆమె వైపు వేయాలో నా వైపు వేయాలో తేలక ఈ రోజుకీ అలాగే ఉంది: అర చెంచా.