రిబ్బన్ లోపల తేలిన అయస్కాంతం

మొన్న నాగర్‌కర్నూల్ నుంచి కల్వకుర్తి పోయే బస్సులో పక్క సీటాయన తన ఫోన్ నా ముందుకు జరిపి, "జూడుండ్రి మేడం, రైలు పట్టాలకు ఆనకుండ పోతుంది!" అన్నాడు. ఏదో దేశంలో పొడుగు ముక్కు రైలు అయస్కాంతాల బలంతో గాలిలో జారిపోతోంది. పాపం, సంతోషం పట్టలేక చూపించాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. "వనపర్తిలో మేమెప్పుడో తేల్చాం" అని విసురుగా అనేసి కిటికీ వైపు తిరిగాను. ఆయన ఫోన్ తీసి జేబులో పెట్టేసుకున్నాడు.

తేల్చిన మాట నిజమే. రిటైరయ్యే ముందు నేను వనపర్తిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. గద్వాలలో మగ్గం నేసే మా అన్న కూతురు నా దగ్గరే ఉండి డిగ్రీ చదివింది. ఎమ్మెస్సీ చేస్తానని పట్టుబట్టింది. మా అన్న మంచివాడే కానీ, పట్టు అంచు నూలు చీరకు కలిసే చోటును వేలితో తడిమి చూసుకుంటే తప్ప నేత కుదిరిందని ఒప్పుకోని మనిషి. "నువ్వు సదివేదేందో నా కండ్లకు గనవడాలె. జూసి మంచిగనిపిస్తే పంపుత" అన్నాడు. ఆ మాట పట్టుకుని పిల్ల, కాలేజీ సైన్స్ ఎగ్జిబిషన్‌లో సూపర్‌కండక్టర్ ప్రయోగం పెడతానంది. చూడ్డానికి అది బొగ్గు ముక్కలాంటి నల్ల బిళ్ళ. విపరీతంగా చల్లబరిస్తే దాని గుణం మారిపోతుంది. పైన అయస్కాంతం పెడితే కిందకి దిగనివ్వదు, పక్కకి పోనివ్వదు, గాలిలోనే నిలబెడుతుంది. బిళ్ళను యూనివర్సిటీలో పనిచేసే నా స్నేహితురాలు పంపింది. చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. అది వనపర్తిలో ఎక్కడ దొరుకుతుంది? పశువుల దవాఖానలో! పశువులు చూలు కట్టడానికి వేసే ఎద సూదులకు వాడే ఆబోతుల వీర్యాన్ని దాంట్లోనే దాస్తారు. డాక్టరు గారు దయతలచి ఒక ఫ్లాస్కుకు సరిపడా పోశారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వస్తుంటే, ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ పొగలు చూసి, "మీ కాలేజీల గూడ బర్రెలున్నయా బిడ్డా?" అని అడిగింది. మా పిల్ల నవ్వాపుకోలేక నా భుజం మీద వాలిపోయింది. ఆ పిల్ల అంతలా నవ్వడం మళ్లీ నేను చూడలేదు.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నే మా అన్న మగ్గం ఆపుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. షామియానా కింద వెనక కుర్చీలో కూర్చున్నాడు. ప్రయోగాలున్న గది గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టారు. ముఖ్య అతిథి కత్తిరించాకే ఎవరైనా లోపలికి పోవాలి. ఆ ముఖ్య అతిథి ఎంతకీ రాడు! ఫోన్ మోగినప్పుడల్లా ప్రిన్సిపాల్ గుమ్మం దగ్గరికి ఉరికొచ్చి, "దగ్గరికొచ్చిండ్రంట మేడం, సార్ అడుగు వెట్టంగనే తేలుతుండాలె, నైట్రోజన్ పొయ్యుండ్రి" అనేవాడు. పిల్ల పోసేది. బిళ్ళ మీద అయస్కాంతం తేలేది. వేలితో తాకితే గిర్రున తిరిగేది. ఆ గదిలో దాన్ని చూసింది మేమిద్దరమే. కాసేపటికి నైట్రోజన్ ఆవిరైపోయేది, అయస్కాంతం కిందికి దిగేది, మళ్లీ ఫోన్ మోగేది.

ఫ్లాస్కు తేలికైపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. "మా అన్ననొక్కణ్ణి ముందు చూడనివ్వండి, ఆయన కోసమే ఇదంతా" అని ప్రిన్సిపాల్‌ను బతిమాలాను. "రిబ్బన్ కట్ గాకుండ ఎట్ల పోతరు మేడం?" అన్నాడాయన, నేనేదో అపచారం మాట్లాడినట్టు. సరే, నీ రిబ్బన్‌కో దండం అనుకుని నేనే దాన్ని పైకెత్తి పట్టుకుని, "అన్నా, ఇట్ల రా" అని కేకేశాను. మా అన్న లేచి నిలబడ్డాడు, రెండడుగులు వేశాడు కూడా. అందరూ తననే చూస్తున్నారని గమనించి ఆగిపోయాడు. "వద్దు చెల్లె. పెద్దమనిషి రాకముందే మనం జొరవడితే ఏం మర్యాద?" అని మళ్లీ కూర్చున్నాడు. ఆ మర్యాద మీద నాకు ఇప్పటికీ కోపమే.

మధ్యాహ్నం దాటాక ముఖ్య అతిథి దిగాడు. కొబ్బరికాయ, దీపం, శాలువాలు, ఉపన్యాసం, శాలువా అందని వాళ్లకు మళ్లీ శాలువాలు. చివరికి రిబ్బన్ తెగింది. పిల్ల ఫ్లాస్కు వంచితే అడుగున ఉన్న నాలుగు చుక్కలు బుస్సుమని పోయాయి. అయస్కాంతం బిళ్ళ మీద కదలకుండా కూర్చుంది. "ఏంది మేడం, లేస్తలేదు? అలిగిందా?" అన్నాడు ముఖ్య అతిథి. ప్రిన్సిపాల్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. పిల్ల ఖాళీ ఫ్లాస్కును ఇంకోసారి వంచి చూసింది. ఫోటో మాత్రం దిగారు. గుంపు వెనక మా అన్న కాలి వేళ్ల మీద లేచి చూసి, మెల్లగా తల దించుకున్నాడు.

బస్టాండులో పిల్ల తండ్రికి తన ఫోన్‌లో వీడియో చూపించింది, పొద్దున తేలినప్పుడు తీసింది. ఆయన చూసి, "ఫోన్ల ఏదన్న తేలుతది బిడ్డా. కండ్లతోని జూద్దమని గదా నేనొచ్చింది" అన్నాడు. అంతే. తర్వాత నేను మళ్లీ నైట్రోజన్ తెప్పిస్తానన్నాను, గద్వాల పోయి పోట్లాడాను. "నలుగుట్ల నవ్వులపాలైంది, ఇగ సాలు" అన్నాడు. అడ్మిషన్ల గడువు దాటిపోయింది.

పిల్ల ఇప్పుడు గద్వాలలోనే ఉంటూ చీరలకు ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడుతుంది. అందరూ బాగుందంటారు. పోయినసారి కలిసినప్పుడు నేను ఆ ముఖ్య అతిథిని, ప్రిన్సిపాల్‌ను, వాళ్ల అయ్యను వరసపెట్టి తిడుతుంటే, చీర మడత పెడుతూ, "పోనీ అత్తా. తేలింది గదా. నువ్వన్న జూసినవు" అంది. ఆ పెద్దమనిషికి అదొక మధ్యాహ్నం ఆలస్యం, వచ్చిన కారు ఎక్కేలోపే మరిచిపోయి ఉంటాడు. మా పిల్లకు మాత్రం ఏళ్లు గడిచినా ఆ మధ్యాహ్నం ఇంకా గడవలేదు.