కుడివైపు వెనక చక్రం

2022 ఏప్రిల్. తెనాలిలో పొన్నూరు వెళ్ళే రోడ్డు మీద నా షెడ్డు. కార్ల ఎలక్ట్రికల్ పని మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్ళు.

ఆ రోజు ఈపురుపాలెం నుంచి భార్యాభర్తలు వచ్చారు. సాంబయ్య గారు చేనేత చీరల వ్యాపారి. తెనాలి షాపుల్లో సరుకిచ్చి తిరిగి వెళ్తూ నా దగ్గర ఆగారు. పదకొండేళ్ళ కారు. డాష్‌బోర్డు మీద టైరు గుర్తున్న పసుప్పచ్చ లైటు ఆరడం లేదు.

అది టీపీఎంఎస్ లైటు. ప్రతి చక్రం లోపలా, గాలి కొట్టే వాల్వ్‌కి అంటుకుని ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. టైరులో గాలి ఎంతుందో కారుకి చెబుతుంటుంది. దాని లోపలి బ్యాటరీ కొన్నేళ్ళకి అయిపోతుంది. స్కానర్ పెట్టి చూస్తే ముందు చక్రాలు రెండింటిలోనూ సెన్సర్లు చచ్చిపోయాయి. వెనకవి బాగానే ఉన్నాయి. వెనక కుడిదానిలో మాత్రం గాలి ముప్పై మూడు ఉండాల్సింది ఇరవై ఏడే ఉంది. గేజ్‌తో కొలిచినా అంతే.

"గాలి చూసుకుని చాలా రోజులైనట్టుందండి," అన్నాను.

"లేదు బాబూ, పోయిన వారమేగా కొట్టించారు," అన్నారు ఆయన భార్య కోటేశ్వరమ్మ గారు.

"ఎండలకి తగ్గుతుందిలెండి."

ఎండకి టైరులో గాలి ఒత్తిడి పెరుగుతుంది గాని తగ్గదు. ఆ సంగతి నాకు తెలుసు. లైటు ఎందుకు వెలుగుతోందో కనిపెట్టేశానన్న ధీమాలో నోటికొచ్చింది అనేశాను. గాలి నింపి, "కొత్త సెన్సర్లు తెప్పించడానికి పదిరోజులు పడుతుందండి. అప్పటిదాకా ఆ లైటు పట్టించుకోకండి," అని పంపేశాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బాపట్ల దాటాక ఆ టైరు పేలింది. కారు పల్టీ కొట్టి కాలవలో పడింది. వెనక సీట్లో ఉన్న కోటేశ్వరమ్మ గారు ఆసుపత్రికి చేరకముందే పోయారు.

కారు వాళ్ళింటికి చేర్చారని తెలిసి ఈపురుపాలెం వెళ్ళాను. అడిగి, చక్రం విప్పి చూశాను. గాలి తక్కువగా ఉండగా నడవడంతో టైరు లోపలి గోడ అరిగి పొడైపోయింది. వాల్వ్ మొదలు వాళ్ళ ఊరి సముద్రపు ఉప్పుగాలికి చివికి తెల్లగా పొక్కిపోయింది. గాలి పోయింది అక్కడినుంచే. స్కానర్ ఆనిస్తే ఆ సెన్సర్ ఇంకా సిగ్నల్ ఇస్తూనే ఉంది. చచ్చిన రెండు సెన్సర్ల కోసం వెలిగినదీ, ఈ చక్రంలో గాలి తగ్గినందుకు వెలిగినదీ ఒకటే లైటు.

సాంబయ్య గారు చేతికి కట్టుతో వరండాలో కూర్చుని ఉన్నారు.

"బాబాయ్‌గారూ, వాల్వ్ దగ్గర గాలి పోతోందండి. ఆ రోజు నేను చూడలేదు."

"చూస్తే తెలిసేదా?"

"సబ్బునీళ్ళు పోస్తే బుడగలు వచ్చేవండి. రెండు నిమిషాల పని."

ఆయన నా వైపు చూడకుండానే అన్నారు: "దారిలో రెండుసార్లు అడిగింది. లైటు వెలుగుతోందేంటి, ఆపి చూడరాదా అని. మెకానిక్ చెప్పాడుగా, ఊరుకోవే అన్నాను."

లేచి లోపలికి వెళ్ళిపోయారు.

పాత కారులో ఒక తప్పు దొరకగానే మేం వెతకడం మానేస్తాం. దొరికినది నిజమే కావచ్చు, దాని వెనక ఇంకోటి ఉండొచ్చు. బండి గురించి దాన్లో రోజూ తిరిగేవాళ్ళు చెప్పే మాట నా స్కానర్ చెప్పేదానికి సరిపడకపోతే, ఇప్పుడు నేను మళ్ళీ మొదటినుంచి చూస్తాను. ఇది నేర్చుకోవడానికి ఒక మనిషి పోవాల్సిన అవసరం లేదు. పోయిన వారమే గాలి కొట్టించారని ఆవిడ నాకు ముందే చెప్పారు.