అరిచినంత గట్టిగా

ఇవాళ పొద్దున మా వాషింగ్ మెషీన్‌లో నీళ్ళు పడే చప్పుడు ఆగలేదు. మామూలుగా డ్రమ్ము నిండేకొద్దీ ధార గొంతు మారుతుంది, టక్కుమని ఆగుతుంది, తిరగడం మొదలవుతుంది. ఈసారి ఆ టక్కు రాలేదు. నురగనీళ్ళు మూత కిందనుంచి పొర్లి బాల్కనీ దాటి హాల్లోకి వచ్చాయి. "ఎన్నిసార్లు చెప్పాలి లలితా, దుప్పట్లన్నీ ఒకేసారి కుక్కొద్దని!" అని నేను అరిచిన అరుపు పక్కవాటాకి కూడా వినబడే ఉంటుంది. మా ఆవిడ కొళాయి కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సబ్బునీళ్ళు పాదాల కింద జారేసరికి నాకు సులోచనత్త గుర్తొచ్చింది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

యానాం నుంచి ఉద్యోగానికి పుదుచ్చేరి వచ్చిన కొత్తలో, మురుంగపాక్కంలో ఆవిడ ఇంట్లో మేడగది అద్దెకు తీసుకున్నాను. వాళ్ళది ఎన్నో తరాల కింద వచ్చి బజారులో బట్టల కొట్టు పెట్టుకున్న తెలుగు కుటుంబం. ఆవిడకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. కొట్టు పోయింది, భర్తా పోయాడు. మిగిలింది ఆ ఇల్లూ, మిద్దె మీద రేకుల కింద ఒక పెద్ద వాషింగ్ మెషీనూ. టూరిస్టులు దిగే వైట్ టౌన్‌లో ఒక గెస్ట్‌హౌస్‌కి దుప్పట్లూ దిండు గలేబులూ ఉతికి ఇవ్వడమే ఆవిడకు జీవనం.

ఆవిడతో వేగడం తేలిక కాదు. ఏది చెడినా ఒకటే ప్రశ్న. "కడాసిగా దానిమీద చెయ్యి పెట్టింది ఎవురు?" చివరగా ముట్టుకున్నది ఎవరని. పాలు విరిగినా అదే, గొళ్ళెం పడకపోయినా అదే. కరెంటు పోయిన రోజు కూడా నన్నే నిలదీసింది.

"నేను స్విచ్చి ముట్టుకోలేదత్తా. ఊరంతా పోయింది."

"ఊరంతా పోనీలే. అప్పుడు నువ్వేం చేస్తాండావు?"

నేను ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీరుని. మెషీన్ తిరిగేటప్పుడు గడగడమంటోందని, ఆవిడ అడక్కపోయినా వెనక రేకు విప్పి, వేలాడుతున్న వైర్లూ గొట్టాలూ కలిపి ప్లాస్టిక్ పట్టీలతో బిగించి కట్టాను. చప్పుడు పోయింది. కాఫీతో పాటు మెప్పు కూడా దొరికింది. ఆ తరవాత వేసిన మొదటి ఉతుకుకే నీళ్ళు ఆగకుండా పొర్లి మెట్ల మీదుగా కిందికి దిగాయి.

నీళ్ళు ఎంత వచ్చాయో మెషీన్ తెలుసుకునేది గాలిని బట్టి. డ్రమ్ము అడుగునుంచి ఒక సన్నని రబ్బరు గొట్టం పైకి వెళుతుంది. నీళ్ళు పెరిగేకొద్దీ అందులోని గాలి నొక్కుకుపోతుంది. పైనున్న సెన్సర్ ఆ ఒత్తిడిని పసిగట్టి ఇక చాలంటుంది. కాబట్టి సెన్సర్ పోయిందని తేల్చేశాను. కొత్తది తెచ్చి బిగించినా నీళ్ళు ఆగలేదు. అయితే బోర్డు పోయిందన్నాను. విప్పి తీసుకెళితే, బోర్డు బాగానే ఉందని రిపేరు కొట్టువాడు నవ్వి పంపాడు.

అప్పుడు పక్కనే వీరాంపట్టినంలో అమ్మవారి తేరు, అంటే రథోత్సవం జరిగే రోజులు. గెస్ట్‌హౌస్ నిండిపోయి మూటల మీద మూటలు వస్తున్నాయి. అత్త మిద్దె మీద తొట్లు పెట్టుకుని చేత్తో ఉతుకుతోంది. పిండుతున్న దుప్పటి వదలకుండానే మళ్ళీ అడిగింది. "కడాసిగా చెయ్యి పెట్టింది ఎవురు నాయనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరేనత్తా! గుప్పెళ్ళతో పొడి పోస్తారు, గొంతుదాకా దుప్పట్లు కుక్కుతారు! మెషీన్ పాడవక ఏమవుతుంది?" తెలుగులో అని ఊరుకోకుండా, ఎదురుమిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళకి అర్థమయ్యేలా నాకొచ్చిన ముక్కల తమిళంలో కూడా అన్నాను.

"సరి. నావల్లనే అనుకో," అంది అత్త. "అయినా అడిగినదానికి బదులు చెప్పలేదే నువ్వు."

మర్నాడు గెస్ట్‌హౌస్ నుంచి ఫోను వచ్చింది. ఇక ఉతుకులు వేరేవాళ్ళకి ఇచ్చేశారట. ఆవిడ ఫోను పెట్టేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, తొట్టి దగ్గర అలాగే కూర్చుంది. నేను ఏమీ తోచక మెషీన్ వెనక చేరాను. సెన్సర్ నుంచి గొట్టం పీకి నోటితో ఊదాను. గాలి పోలేదు. గొట్టాన్ని వేళ్ళతో తడుముకుంటూ కిందికి వెళ్ళాను. సగం దారిలో నేను కట్టిన పట్టీ దాని పీక నొక్కేసి ఉంది. పట్టీ కోసి మళ్ళీ ఊదితే అడుగున బుడబుడమంది. నీళ్ళు పెట్టి చూశాను. టక్కుమని ఆగాయి.

అప్పటికి అత్త కిందికి దిగిపోయింది. నేనూ దిగి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఇదంతా నేను కట్టిన పట్టీ వల్లేనని గొంతు తగ్గించి చెప్పాను.

"ఏందీ? వినపళ్ళా."

మళ్ళీ చెప్పాను.

"అరిచింది మిద్దె మీద కదా. ఆడికే పోయి చెప్పు. అరిచినంత గట్టిగా చెప్పు."

"అందరూ వింటారత్తా."

"అది విన్నోళ్ళు ఇది వినొద్దా? పొడి జాస్తి పొయ్యొద్దని ఆ ఎదురింటామె నాకు బుద్ధి చెప్పి పోయింది, తెలుసునా?"

మిద్దె ఎక్కి, అదే ముక్కల తమిళంలో చెప్పాను. ఎదురింటామె అర్థం కాక "ఎన్న సార్?" అంది. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఇక అయిందనుకుంటే, "చొక్కా తగిలించుకో, గెస్ట్‌హౌస్‌కి పోదాం," అంది అత్త. అక్కడ మేనేజరు ముందు కూడా నా నోటితోనే చెప్పించింది. ఆయన విని, దిండు గలేబులు మాత్రం తిరిగి ఇచ్చాడు. దుప్పట్లు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ అత్త ఆ సగం పనితోనే నెట్టుకొచ్చింది. పర్లేదులే అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే ఈపాటికి నేను మరిచిపోయేవాణ్ణి.

ఇవాళ మెషీన్ వెనక కూర్చుని ముందు అత్త అడిగే ప్రశ్నే నన్ను నేను అడిగాను. లేదు, ఈసారి నేను ముట్టుకోలేదు. గొట్టం ఊడదీసి చూస్తే మూతి దగ్గర సబ్బుజిడ్డు, నూలుపీచు గడ్డకట్టి ఉన్నాయి. కడిగి పెడితే టక్కుమంది. ఇందులో ఎవరి తప్పూ లేదని కాసేపు హాయిగా అనిపించింది. అంతలో వంటింట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా మోగాయి. అత్త ప్రశ్న నాకు అలవాటైన మాట నిజమే. కానీ అది ప్రతిసారీ అరిచాకే గుర్తొస్తుంది.

వంటింట్లోకి వెళ్ళి మెల్లగా చెబుదామనుకున్నాను. కాళ్ళు అటు వెళుతుంటే ఆపుకుని, వీధితలుపు తీసి వరండాలో నిలబడ్డాను.

"లలితా! దుప్పట్ల వల్ల కాదు! నీ తప్పేం లేదు! ఊరికే నీ మీద అరిచాను!"

పక్కవాటా తలుపు ఓరగా తెరుచుకుంది. గిన్నెల చప్పుడు ఆగింది.

"వినబడిందండీ," అంది మా ఆవిడ లోపలినుంచి. "ఇక లోపలికొచ్చి ఆ నీళ్ళు తుడవండి."