సమితి లెక్కలో సగం ఓబులేష్

కడపలో జరిగిన ర్యాప్ పోటీలో సొంత నోటితో పాడినవాణ్ణి అనర్హుడన్నారు. పెదవులు మాత్రమే ఆడించినవాడికి కప్పు ఇచ్చారు. పైగా ఆ పోటీకి పెట్టిన పేరు ‘పాతకాలపు హిప్-హాప్ పండుగ’. అనర్హుడైన మనిషి మాధవరం చేనేత కార్మికుడు ఓబులేష్.

అతనికి ర్యాప్ పిచ్చి కుర్రతనంలోనే పట్టింది. బొంబాయి నుంచి వచ్చిన చీరల వ్యాపారి ఒక క్యాసెట్టు మరిచిపోయి వెళ్లాడు. అందులోని ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మాట ఎక్కడ పడుతోందో, ఊపిరి ఎక్కడ ఆగుతోందో మాత్రం తెలిసిపోయింది. మగ్గం నడకా అదే కదా! అప్పటినుంచి గుంటమగ్గంలో కాళ్లు ఆడినంతసేపూ అతని నోరూ ఆడింది. నూలు ధర, కరెంటు కోత, షావుకారు బేరం, ఏ పూట కడుపుమంట ఆ పూటే పాటయ్యేది. చిక్కల్లా ఒక్కటే. గుంటలోంచి లేచి నిలబడితే నోట మాట పెగలదు.

పోటీలో గెలిచినవారు కర్నూలు సభలో పాడతారన్నారు. గోడలూ భార్యా తప్ప ఎవరూ వినని తన పాట ఒక్కసారి నిండు సభ వినాలన్నది ఓబులేష్ కోరిక. అందుకని మగ్గాన్నే విప్పి ట్రాలీ ఆటోకెత్తాడు.

“అందురూ పాటకు నోరు తీసకపోతారు. నువ్వు ఇల్లే పెరుక్కోని పోతాండావు,” అంది భార్య ప్రమీలారాణి, దారాల ఉండలు ఒళ్లో పెట్టుకుని ఎక్కుతూ.

కాళ్లాడడానికి గుంట లేనిదే ఆ మగ్గం నడవదు. పోటీ నడిపే సమితి కార్యదర్శి జయకుమార్ దగ్గరుండి వేదిక చెక్కలు ఊడదీయించాడు. ఓబులేష్ తల నుంచి నడుము దాకా వేదిక మీద, మిగిలిన భాగం వేదిక కింద కుదురుకున్నాడు. పేక నూలు మోసే నాడె అటూ ఇటూ ఉరికింది. దెబ్బ దెబ్బకూ మాట పడింది.

“పడుగు నాది, పేక నాది, పాట ఎవురిదప్పా?
రేటు నీది, రంగు నీది, చీర ఎవురిదప్పా?”

జనం ఈలలు వేశారు. ఇంతలో పోగు తెగింది. ‘ఎవు’ దగ్గర పాట ఆగిపోయింది. ఓబులేష్ తొందరపడలేదు. పోగు వెతికి, వేళ్లు తడిచేసుకుని, ముడివేసి, కాలు తొక్కి ‘రిదప్పా’ అని అందుకున్నాడు. నేత సాగకుండా ఉత్తుత్తి దెబ్బ ఒక్కటీ వేయలేదు.

తరువాత నల్లకళ్లద్దాలతో హనుమేష్ అనే కుర్రవాడు వచ్చి ఫోను మీట నొక్కాడు. ఫోను పాడింది. మధ్యలో దాహమై అతను సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగాడు. పాట మాత్రం ఆగలేదు. న్యాయనిర్ణేతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“ఏమప్పా ఓబులేషూ, పాడేటప్పుడు నీ కాళ్లు యాడుండాయి?” అన్నాడు జయకుమార్.

“కింద ఉండాయి సార్. పని చేస్తాండాయి.”

“పోటీదారుడు వేదిక మీద ఉండాలని నిబంధన. నువ్వు సగమే ఉంటివి.”

“మరి ఆ పిల్లోని గొంతు యాడుండె సార్?”

“ఫోన్లో ఉండె. ఫోను వేదిక మీదనే ఉండె.”

“చెక్కలు పీకిచ్చినోడివి నువ్వే కదప్పా!” అని ప్రమీలారాణి అరిచింది.

“పీకిచ్చినాను. దిగమని చెప్పినానా?”

చేతికిచ్చిన తీర్పు కాగితంలో ఉన్నది అక్షరాలా ఇది: ‘పోటీదారుడు నడుము పైభాగము మాత్రమే హాజరైనందున అనర్హుడు.’ ఓబులేష్ దాన్ని రెండుసార్లు చదివి, తన మోకాళ్లను తడిమి చూసుకున్నాడు.

సమితివారూ, కాళ్లు కనిపించకపోవడం గైర్హాజరైతే గొంతు లేకపోవడం ఏమవుతుంది? ఈ తీర్పును రద్దు చేయండి. ఓబులేష్‌ను మళ్లీ పిలవండి. మీలో ఒకరు వేదిక కిందికి దూరి అతని కాళ్లు కళ్లారా చూసి రండి. పిమ్మట హనుమేష్ చేతిలోని ఫోను తీసుకుని, అదే పాట అతని నోట పాడించండి. అప్పుడు కర్నూలుకు ఎవరు వెళ్లాలో కారణాలతో రాసి, కింద సంతకం చేసి ఇవ్వండి.