మైకులో చెప్పిన సాక్ష్యం

నేను అబద్ధం చెప్పి బాప్తిస్మం తీసుకున్న మనిషిని. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ సుఖం, వినేవాళ్లకీ సుఖం.

2003లో నాకు పదిహేడేళ్లు. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి రెండు వీధుల అవతల మా ఇల్లు. నాన్న జాకబ్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్. అమ్మ పుష్పకుమారి మా వీధిలోనే ఉన్న మందిరంలో స్త్రీల కూడికకి పెద్ద. మా తాత కాలం నుంచీ మేము విశ్వాసులమే. ఆదివారం బడి, క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం, కంఠత వాక్యాల పోటీలో స్టీలు గిన్నె, ఇదే నా బాల్యం. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంత పద్ధతిగా పెరిగిన పిల్లకి సాక్ష్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా మందిరంలో బాప్తిస్మానికి ముందు ఒక పద్ధతి ఉంది. ఉజ్జీవ కూడికల్లో సాయంత్రం మైకు ముందు నిలబడి, నేను ఇలా ఉండేదాన్ని, ప్రభువు నన్ను ఇలా మార్చాడు అని అందరికీ చెప్పాలి. సాక్ష్యం లేని విశ్వాసి ఉప్పు లేని పప్పు అనేవారు మా పాస్టరు యేసుపాదం అయ్యగారు. ఆ ఏడు నాతోపాటు రాంబిల్లి వైపు జాలరి సురేష్ బాబు కూడా ఉన్నాడు. పడవ తిరగబడితే కొయ్యముక్క పట్టుకుని తెల్లారేదాకా సముద్రంలో తేలాడట. అతని తర్వాత వంతు నాది. కంఠత వాక్యాల్లో రెండో బహుమతి వచ్చిందని చెప్పనా?

ఇక్కడ బుల్లమ్మ గురించి చెప్పాలి. మా ఎదురిల్లే ఆమెది. భర్త పోయాడు, పిల్లల్లేరు. పసిపిల్లలకి నీళ్లు పోయడం ఆమె పని. మా వీధి ఇళ్లకి పెరళ్లు లేవు. అందుకని వీధి గుమ్మం పక్కనే పీట వేసుకుని, కాళ్లు చాపి, బిడ్డని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండి రుద్ది, వేడినీళ్లు పోసేది. దారిన పోయేవాళ్లు కూడా ఆగి చూసేవారు. చివర్లో ఎవరినీ అడక్కుండా దోసెడు నీళ్లు బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసి వీధిలోకి చిమ్మేది. మా ఇంట్లో ఇవన్నీ ఏమిటని అమ్మ గొణిగితే, "దిట్టికి మతమేటమ్మా? బిడ్డ నాలుగు సుక్కలెక్కువ తాగి తొంగుంటాది" అనేది. ఆమె నూకాలమ్మని కొలిచేది, మేము యేసయ్యని. ఆ వీధిలో ముప్పై ఏళ్లలో పుట్టిన పిల్లలందరూ ఆ కాళ్ల మీద ఏడ్చినవాళ్లే, నాతో సహా.

తొమ్మిదేళ్లప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. అమ్మ అప్పుడే తమ్ముణ్ణి కని పురిట్లో ఉంది. ఇరవై రోజులు నా నోట్లో జావ పోసి, ఒళ్లు తుడిచి, నన్ను బతికించింది బుల్లమ్మ. జ్వరం తగ్గాక ఆమె చేతికున్న నల్లతాడు చూసి అది నాకు కావాలని మారాం చేశాను. "మీయమ్మ తిట్టుద్దే" అంటూనే తీసి నా చేతికి కట్టింది. రెండురోజులకి నాకే భయం వేసి, అమ్మ చూసేలోగా బ్లేడుతో కోసేసి, పారేయబుద్ధి కాక కంపాస్ బాక్సులో దాచుకున్నాను. తాడు కథ అంతే. అందులో దయ్యమూ లేదు, మంత్రమూ లేదు.

ఆ సాయంత్రం నేను మైకు ముందు నిలబడి మొదట నిజమే చెప్పాను. చిన్నప్పటినుంచీ మందిరానికి వస్తున్నాను, పాటలంటే ఇష్టం, అదీ ఇదీ. ముందు వరసలో ఒకావిడ ఆవలించింది. ఇంకొకావిడ పిల్లాడి ముక్కు తుడుస్తోంది. ఐదు నిమిషాల కిందట సురేష్ బాబు కోసం వెక్కి వెక్కి ఏడ్చినవాళ్లే వీళ్లంతా. నాకు ఉక్రోషం వచ్చింది.

"నాకు తొమ్మిదేళ్లప్పుడు ఎదురింటావిడ మంత్రించిన తాడు కట్టింది" అన్నాను.

జనం ఒక్కసారి కదిలారు. అయ్యో యేసయ్యా అని ఎవరో గట్టిగా అన్నారు. ఆ కదలిక నాకు ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే అసహ్యం వేస్తుంది. ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. రాత్రిళ్లు ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుండేదన్నాను. పరీక్షల్లో కళ్లు తిరిగి పడిపోయేదాన్నన్నాను. అయ్యగారు మా ఇంటికొచ్చి ప్రార్థన చేసిన రోజున తాడు దానంతట అదే తెగి కింద పడిందన్నాను. ఆ తాడు చేతిలోనే ఉంది మరి. అంటే, ముందే అనుకుని తెచ్చుకున్నాను. చిన్న అబద్ధమొకటి చెప్పి దిగిపోదామనుకున్నాను కానీ, తీరా మొదలుపెట్టాక ఆపలేకపోయాను. అయ్యగారు ఆ తాడు పైకెత్తి అందరికీ చూపించారు. అమ్మ పరుగున వచ్చి నన్ను పట్టుకుని, ఇన్నేళ్లూ నా బిడ్డ బాధ కనిపెట్టలేకపోయానే అని ఏడ్చింది.

ఆ ఆదివారమే శారదా నదిలో బాప్తిస్మం. నడుంలోతు నీళ్లు. ముంచి లేపగానే ఒడ్డున పాటలు అందుకున్నారు. ముక్కులోకి నీళ్లు పోవడం తప్ప నాకు ఏమీ కాలేదు.

తర్వాత జరిగింది మెల్లగా జరిగింది. ముందు మా విశ్వాసుల ఇళ్లవాళ్లు బుల్లమ్మని నీళ్లకి పిలవడం మానేశారు. వానాకాలం వచ్చేసరికి హిందువుల ఇళ్లవాళ్లూ మానేశారు. ఆ మధ్యనే ఎవరి నోటో చిల్లంగి అన్న మాట పుట్టింది. మావైపు ఆ మాట ఊరికే అనరు. అన్నారంటే ఆ మనిషి చేతబడి చేస్తుందని. అలా పేరు పడ్డవాళ్లని పల్లెల్లో చెట్టుకి కట్టి పళ్లు ఊడగొట్టిన కబుర్లు మేము వినే పెరిగాం. నేను ఆ మాట విన్నాను, ఎవరన్నారో కూడా చూశాను, నోరు మెదపలేదు.

బుల్లమ్మ మాత్రం కుళాయి దగ్గర నాతో ఎప్పటిలాగే మాట్లాడేది.

"ఏటి పాపా, మన సుజికి బిడ్డ పుట్టిందటగదా. కబురెట్టలేదేటి? మరిసిపోయారేమో. నానే ఎల్లి సూసొత్తాను."

సుజి మా వీధి చివరింటి అమ్మాయి, ఆదివారం బడిలో నా జతది. వద్దు బుల్లమ్మా, వెళ్లకు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఎందుకని అడుగుతుంది. బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను.

ఆమె వెళ్లింది. గుమ్మంలోంచి బిడ్డని చూసి, ముద్దుగా ఉందని మెటికలు విరిచి వచ్చేసింది. మూడోరోజున ఆ బిడ్డకి జ్వరం తగిలింది. వానాకాలంలో పసిపిల్లలకి జ్వరం రావడం వింతేమీ కాదు. కానీ సుజి భర్త కన్నబాబు ఆటో దిగి నేరుగా బుల్లమ్మ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మళ్లీ మా గడప తొక్కేవంటే పళ్లు రాలగొట్టేత్తాను! రోజలిన్‌కి తాడు కట్టిన సంగతి మాకు తెలీదనుకున్నావేటి?"

వీధి వీధంతా బయటికొచ్చింది. నేనూ మా గుమ్మంలో ఉన్నాను. నా పేరు సాక్షిగా పెట్టి ఆ మనిషిని తిడుతున్నాడు. బుల్లమ్మ ఒక్కసారి నా వైపు చూసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.  ఈసారి తిట్టి పోయాడు, రేపు నలుగురినేసుకుని వస్తే? ఆమె పళ్లు రాలితే రాలగొట్టింది నేనే.

మా మందిరంలో నెల మొదటి ఆదివారం సంస్కారమని రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే దిద్దుకున్నాకే రొట్టెకి చెయ్యి చాపండని అయ్యగారు ప్రతిసారీ చెబుతారు. బాప్తిస్మం అయిన దగ్గర్నుంచీ నేను ఆ మాట వింటూనే చెయ్యి చాపాను, తిన్నాను. ఆ నెల పళ్లెం నా ముందుకొచ్చింది. అమ్మ మోచేత్తో పొడిచింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆ సాక్ష్యం అబద్ధం. తాడు నేనే అడిగి కట్టించుకున్నాను. నేనే బ్లేడుతో కోశాను" అన్నాను. 

నలభైమంది ఉంటారు లోపల.  అయ్యగారు, "సహోదరి ఒప్పుకుంది, ప్రభువు క్షమించాడు. ఈ సంగతి ఈ నాలుగు గోడల మధ్యే ఉంచుదాం, సంఘానికి నింద రాకూడదు" అని ప్రార్థన చేశారు. నాకు గుండె తేలికైపోయింది. మారుమనస్సంటే ఇదే కాబోలనుకుని ఏడుపూ సంతోషమూ కలిసి బుల్లమ్మ ఇంటికి పరిగెత్తాను. నా తొందర చూడండి!

ఆమె చేటలో బియ్యం ఏరుకుంటోంది. నేను కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పాను.

"తెల్సు" అంది.

"ఎప్పుడు తెలిసింది? కన్నబాబు తిట్టినప్పుడా?"

"ఆరోజే తెల్సు. మీ మైకు నా గుమ్మానికెదురుగానే గదా కట్టేరు. రోజలిన్ ఇయాల మైకులో మాటాడతాదని మీయమ్మ సెప్పింది. బేగి ఒండీసుకుని, తలదువ్వుకుని, గుమ్మంలో కూకున్నాను. నాను నీల్లోసిన పిల్ల గదా మాటాడతాది." బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసింది. "మొత్తం ఇన్నాను."

 "మరి అప్పుడే వచ్చి ఎందుకు అడగలేదు?" అన్నాను.

"ఏటని అడుగుతాను? అబద్దమాడతన్నావని అంతమందిలో నిన్ను నిలేసీమంటావేటి? ఆడపిల్లవి."

ఇంకో నాలుగు రాళ్లు ఏరింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"ఇయాల సెప్పింది మైకులోనే సెప్పేవా?"

"లేదు. లోపల చెప్పాను."

"మరైతే ఈదిలోలు ఎలా ఇంటారు పాపా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. కోప్పడి ఉంటే నాకు బాగుండేది.

అటునుంచి అటే అయ్యగారి దగ్గరికి వెళ్లాను. మైకు కావాలన్నాను. ఆయన నుదురు రుద్దుకున్నారు. "అమ్మా, ఒక్క సాక్ష్యం అబద్ధమని తెలిస్తే రేపు నిజమైన సాక్ష్యాన్ని ఎవరు నమ్ముతారు? కాస్త ఆలోచించు."

"అయ్యగారూ, ఆ తాడు పైకెత్తి చూపించింది మీరే" అన్నాను. పెద్దాయనతో అలా మాట్లాడ్డం అదే మొదలు. ఆయన బైబిలు మూసి లేచిపోయారు. కానీ మంచి మనిషి. శుక్రవారం కూడికకి ఎవరికీ చెప్పకుండా ఆయనే నిచ్చెనెక్కి మైకు కట్టి, దాని మూతి బుల్లమ్మ గుమ్మం వైపు తిప్పారు.

ఆ సాయంత్రం మళ్లీ చెప్పాను. బుల్లమ్మ పేరు పెట్టి చెప్పాను. టైఫాయిడ్ సంగతి, జావ సంగతి, బ్లేడు సంగతి అన్నీ చెప్పాను. వీధిలో ఆటో ఒకటి ఆగడం కిటికీలోంచి కనబడింది. బుల్లమ్మ తలుపు మాత్రం మూసే ఉంది. విన్నదో లేదో నేను ఎన్నడూ అడగలేదు.

అమ్మ నాతో నెలరోజులు మాట్లాడలేదు. మాడుగుల నుంచి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. అవన్నీ నాకు తగినవే. కన్నబాబు వెళ్లి "తప్పయిపోయింది పిన్నీ" అని చెప్పి వచ్చాడు. రెండిళ్లవాళ్లు మళ్లీ నీళ్లకి పిలిచారు. మిగిలినవాళ్లు ఏమన్నారో తెలుసా? చిల్లంగి పెట్టి పిల్లని భయపెట్టి మాట మార్పించిందన్నారు. అబద్ధం చెప్పడం ఎంత తేలికో, దాన్ని వెనక్కి పిలవడం అంత కష్టమని నాకు పద్దెనిమిది నిండకుండానే తెలిసింది. నిజమైన బాప్తిస్మం నాకు ఆ మైకు ముందే అయిందని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. చెప్పుకోవడానికి నాకు సిగ్గు. ఇప్పుడు నేను ఆదివారం బడి చెబుతాను. మీకు సాక్ష్యం లేకపోతే లేదనే చెప్పండిరా అని పిల్లలకి నేర్పుతాను. అంతకంటే పెద్ద పాఠం నా దగ్గర లేదు.

2009లో నాకు కూతురు పుట్టింది. పురుడు అమ్మగారింట్లోనే. ఈసారి అమ్మే స్వయంగా వెళ్లి బుల్లమ్మని పిలుచుకొచ్చింది. మోకాళ్లు పట్టేసి వంగలేకపోతోంది, అయినా గుమ్మం పక్కన పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. నా బిడ్డ ఆ కాళ్ల మీద వీధంతా అదిరేలా ఏడ్చింది. నూనె, సున్నిపిండి, వేడినీళ్లు, అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. చివర్లో దోసిట్లోకి నీళ్లు తీసుకుని ఆగిపోయింది.

"దిట్టి తియ్యనా పాపా? ఒద్దంటే మానేత్తాను."

ముప్పై ఏళ్లలో ఈ మాట ఆమె ఎవరినీ అడిగి ఎరగదు. అమ్మ గోడవైపు తిరిగింది గానీ వద్దనలేదు.

"తియ్యి బుల్లమ్మా" అన్నాను.

ఆమె వీధిలోకి అటూ ఇటూ చూసింది. దోసిట్లో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి.

"అయితే బిడ్డని లోపలికి తీసుకెల్దారి. ఆ తలుపెయ్యి, ఎవులైనా సూత్తారు."

బిడ్డని ఎత్తుకుని లోపలికి నడిచాను. ఆమె గోడ పట్టుకుని నా వెనకే వచ్చింది. నేనే తలుపు వేసి, గడియ పెట్టాను.